ఫ్రెడరిక్ సాంగర్: పరిశోధన పత్రాలు, సైటేషన్ల చరిత్ర

ఫ్రెడరిక్ సాంగర్ (1918–2013) ఇంగ్లండుకు చెందిన జీవరసాయన శాస్త్రవేత్త. ప్రోటీన్లలో అమైనో ఆమ్లాలు ఏ వరుసలో ఉన్నాయో, ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏల్లో న్యూక్లియోటైడ్లు ఏ వరుసలో ఉన్నాయో చదివే ముఖ్యమైన పద్ధతులు ఆయన ప్రయోగశాలలో పుట్టాయి. రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఆయనకు 1958లో ఒకసారి, 1980లో మరోసారి వచ్చింది. 2022లో బ్యారీ షార్ప్‌లెస్‌కు రెండోసారి వచ్చేదాకా ఆ శాస్త్రంలో ఈ ఘనత సాంగర్ ఒక్కరిదే.

శాస్త్రవేత్త పని విలువను పత్రాల సంఖ్యతో, సైటేషన్లతో ఎంతవరకు కొలవగలం అన్న చర్చ మాలిక్యులర్ బయాలజీలో వచ్చినప్పుడల్లా సాంగర్ పేరు ముందుకు వస్తుంది. అందుకు కారణం ఆయన రికార్డులోనే ఉంది. 2014 నాటి లెక్కలో, ప్రపంచంలో అత్యధికంగా ఉల్లేఖనకు నోచుకున్న పరిశోధన పత్రాల్లో నాలుగోది ఆయనది. అదే మనిషి జీవితంలో చెప్పుకోదగ్గ ఫలితమేదీ అచ్చుకాకుండా గడిచిన ఏళ్లు చాలానే ఉన్నాయి. ఈ వ్యాసం ఆయన జీవిత చరిత్ర కాదు. ఆయన పత్రాలు ఎప్పుడు, ఎలా వచ్చాయి, లోకం వాటిని ఎలా వాడుకుంది, లెక్కలు వాటిలో దేన్ని పట్టుకున్నాయి, దేన్ని వదిలేశాయి అన్నదే ఇక్కడి విషయం.

సైటేషన్ల లెక్క ఎలా మొదలైంది

పరిశోధన పత్రం రాసేవారు తాము ఆధారపడ్డ పాత పత్రాలను చివర పేర్కొంటారు. అలా పేర్కొనడం ఉల్లేఖన. ల్యాబుల్లో అందరూ వాడే మాట సైటేషన్. ఏ పత్రాన్ని తర్వాత ఎవరెవరు పేర్కొన్నారో వెనక్కి వెతికి చూసే సూచిక ఉంటే బాగుంటుందని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ప్రతిపాదించారు. ఆయనకు దారి చూపింది న్యాయశాస్త్రం. పాత తీర్పును తర్వాతి తీర్పుల్లో ఎక్కడెక్కడ ప్రస్తావించారో చూసుకోవడానికి అమెరికా న్యాయవాదులు 19వ శతాబ్దం నుంచే షెపర్డ్స్ సైటేషన్స్ అనే సూచికను వాడుకుంటున్నారు. గార్‌ఫీల్డ్ ఫిలడెల్ఫియాలో నెలకొల్పిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ సైంటిఫిక్ ఇన్ఫర్మేషన్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను వెలువరించింది.

ఆ సూచిక మొదటి ఉద్దేశం వెతుకులాట. ఒక పాత పత్రం చేతిలో ఉంటే, దాని మీద తర్వాత జరిగిన పనంతా దొరకాలి. తూకంరాయిగా మారడం తర్వాత జరిగింది. పత్రికలకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కట్టి ఏటా ప్రకటించడం 1975లో మొదలైంది. మనుషులకు అంకె కట్టే హెచ్-ఇండెక్స్‌ను భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించారు. ఒకరి పత్రాల్లో కనీసం 20 పత్రాలకు ఒక్కోదానికి 20కి తగ్గకుండా సైటేషన్లు ఉంటే, 21 పత్రాలకు 21 చొప్పున లేకపోతే, వారి హెచ్-ఇండెక్స్ 20. సాంగర్ 1983లో పదవీ విరమణ చేశారు. అంటే ఆయన చివరి ప్రయోగం ముగిసిన 22 ఏళ్లకు గానీ ఈ కొలత పుట్టలేదు.

ఇన్సులిన్ పత్రాలు, 1945–1955

సాంగర్ 1943లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ పొంది, అక్కడి జీవరసాయన విభాగంలో ప్రొఫెసర్ చిబ్నల్ బృందంలో చేరారు. 1944 నుంచి 1951 దాకా బైట్ స్మారక ఫెలోషిప్, ఆ తర్వాత బ్రిటన్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ ఉద్యోగం. ఈ ఒక్క విషయం ఆయన పత్రాల తీరును చాలావరకు వివరిస్తుంది. ఏడాదికోసారి డబ్బు కోసం అర్జీ పెట్టుకుని, ఏడాదికిన్ని పత్రాలు చూపించాల్సిన అగత్యం ఆయనకు లేదు.

మొదటి పెద్ద పత్రం 1945లో బయోకెమికల్ జర్నల్‌లో, ఒక్క సాంగర్ పేరుతోనే వచ్చింది. విషయం: ఇన్సులిన్‌లో ఇంకో అమైనో ఆమ్లంతో జతపడకుండా మిగిలిన అమైనో సమూహాలు. ఆయన వాడిన రసాయనం ఫ్లోరోడైనైట్రోబెంజీన్. అది ప్రోటీన్ గొలుసు తలలో ఉన్న అమైనో ఆమ్లాన్ని పట్టుకుని పసుపు రంగు ఇస్తుంది. తర్వాత ప్రోటీన్‌ను ఆమ్లంలో మరిగించి ముక్కలు ముక్కలు చేసినా ఆ పట్టు చాలావరకు వీడదు. గొలుసు తలకు పసుపు బొట్టు పెట్టినట్టు. మరిగించాక బొట్టు ఉన్న అమైనో ఆమ్లం ఏదో చూస్తే, గొలుసు దేనితో మొదలవుతుందో తెలిసిపోతుంది. ఈ రసాయనానికి సాంగర్ రీఏజెంట్ అన్న పేరు స్థిరపడింది. మన డిగ్రీ బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో కూడా అదే పేరుతో ఉంది.

ఇన్సులిన్‌నే ఎంచుకోవడానికి కారణం సాదాసీదాది. మధుమేహ రోగులకు అవసరం కాబట్టి అది శుద్ధంగా, కావలసినంత మోతాదులో దొరికేది. బూట్స్ మందుల కంపెనీ నుంచి పశువుల ఇన్సులిన్ తెప్పించుకునేవారు. మొదటి పత్రం తర్వాత వియన్నా నుంచి వచ్చిన హాన్స్ టుపీతో కలిసి 30 అమైనో ఆమ్లాల బి గొలుసు వరుసను 1951లో, థాంప్సన్‌తో కలిసి 21 అమైనో ఆమ్లాల ఎ గొలుసు వరుసను 1953లో ప్రకటించారు. రెండు గొలుసులను కలిపి ఉంచే గంధకపు బంధాలు ఎక్కడెక్కడున్నాయో 1955లో తేలింది. మొత్తం 51 అమైనో ఆమ్లాలు, పదేళ్లకు పైగా శ్రమ.

ఈ పత్రాల్లో ఎక్కువ భాగం బయోకెమికల్ జర్నల్‌లోనే వచ్చాయి. పేరున్న పత్రిక కోసం వెతుక్కోవడం కనబడదు. ఒకే విషయం మీద ఒకే చోట వరుసగా, ప్రయోగం పూర్తయినప్పుడల్లా ఒక పత్రం. ఇవాళ ఆ పత్రాల సైటేషన్లు లెక్కపెడితే 1977 నాటి పత్రం ముందు చాలా చిన్నవిగా కనిపిస్తాయి. కానీ వాటి ప్రభావం భావాల్లో ఉంది. ప్రోటీన్ అంటే కచ్చితమైన వరుస గల పదార్థమని, ఒక ప్రోటీన్‌కు ఒక్కటే వరుస ఉంటుందని మొదట రుజువు చేసింది ఇవే. జన్యువు మోసే సమాచారం అంటే వరుసేనన్న ఆలోచన ఫ్రాన్సిస్ క్రిక్ వంటివారికి గట్టిపడడంలో ఇన్సులిన్ వరుస పునాది రాయి. ఒక భావం శాస్త్రంలో ఇంకిపోయాక దానికి పాదసూచిక ఇవ్వాలని ఎవరికీ తట్టదు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ లక్షణాన్ని ప్రత్యేకంగా గుర్తించి రాశారు: పని ఎంత లోతుగా కలిసిపోతే దాని కర్త పేరు అంత త్వరగా మాయమవుతుంది.

పలచని ఏళ్లు

1955 తర్వాత పట్టిక పలచబడుతుంది. 1958లో నోబెల్ వచ్చింది. 1962లో కేంబ్రిడ్జిలో కొత్తగా కట్టిన మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ వారి లేబొరేటరీ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీకి మారారు. క్రిక్, బ్రెన్నర్, పెరూట్జ్ అందరూ అక్కడే. మధ్యలో రేడియోధార్మిక భాస్వరంతో ఎంజైముల్లో పనిచేసే చోటును గుర్తించే ప్రయత్నాలు చేశారు. అవి ఇన్సులిన్ స్థాయి ఫలితాలు ఇవ్వలేదు. 1964లో మార్కర్‌తో కలిసి ఫార్మైల్ మెథియోనిన్ కలిగిన ఆర్‌ఎన్‌ఏను కనుగొన్నారు. బ్యాక్టీరియాలో ప్రోటీన్ తయారీ దేనితో మొదలవుతుందో చెప్పడానికి అది తాళంచెవి అయింది.

ఆర్‌ఎన్‌ఏ వరుస చదవడంలో సాంగర్ మొదటివారు కాలేకపోయారు. కార్నెల్‌లో రాబర్ట్ హోలీ బృందం 1965లో 77 న్యూక్లియోటైడ్ల అలనైన్ టీఆర్‌ఎన్‌ఏ వరుసను ప్రకటించింది. అదే ఏడాది సాంగర్, బ్రౌన్‌లీ, బ్యారెల్ తమ కొత్త పద్ధతిని ప్రచురించారు. రేడియోధార్మికత ఎక్కించిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలను రెండు దిశల్లో పరచి విడదీయడం దాని సారం. దాని బలంతో 1967లో 120 న్యూక్లియోటైడ్ల 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ వరుస వచ్చింది. పందెంలో ఓడిన ఏడాదే పద్ధతిలో ముందడుగు పడింది. సాంగర్ పత్రాల చరిత్రలో ఇదొక అలవాటు లాంటిది. ఫలానా వరుస ఎవరు ముందు చదివారన్నదాని కన్నా, ఎవరైనా ఏ వరుసనైనా చదవగలిగే ఉపాయం మీదే ఆయన దృష్టి నిలిచేది.

పరిపాలన, బోధన ఆయన తలకెత్తుకోలేదు. పదవీ విరమణ దాకా తన చేతులతో తానే ప్రయోగాలు చేశారు. అంత పేరున్న వారిలో ఇది అరుదు. పెద్ద బృందం ఉంటే నాయకుడి పేరుతో ఏటా పదుల పత్రాలు వస్తాయి. సాంగర్ దగ్గర పనిచేసేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. ఆ కొద్దిమందిలోనే ఆయన మొదటి డాక్టరేట్ విద్యార్థి రాడ్నీ పోర్టర్ 1972లో, 1970ల్లో ఆయన ప్రయోగశాలలో డాక్టరేట్ చేసిన ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ 2009లో నోబెల్ అందుకున్నారు. శిష్యుల పని గురువు పట్టికలోకి ఎక్కదు.

1977: ఐదు పేజీలు

డీఎన్‌ఏ మీద సాంగర్ మొదటి పెద్ద పత్రం 1975లో అలన్ కౌల్సన్‌తో రాసినది. ప్లస్-మైనస్ పద్ధతిగా అది పేరుపడింది. దాంతోనే ఫై ఎక్స్ 174 అనే బ్యాక్టీరియా వైరస్ డీఎన్‌ఏ మొత్తం చదివి, 5,375 న్యూక్లియోటైడ్ల వరుసను 1977 ఫిబ్రవరిలో నేచర్‌లో ప్రచురించారు. ఒక డీఎన్‌ఏ జీనోము పూర్తిగా చదవడం అదే మొదటిసారి. కొన్ని తప్పులు దొర్లాయని తర్వాత తామే తేల్చుకుని 1978లో సవరించారు. సరైన సంఖ్య 5,386. ఆ పత్రం మీద ఉన్న తొమ్మిది పేర్లలో ఒకటి మైకేల్ స్మిత్‌ది. డీఎన్‌ఏలో కోరిన చోట మార్పు చేసే పద్ధతికి ఆయనకు 1993లో నోబెల్ వచ్చింది.

అదే ఏడాది డిసెంబరులో ప్రొసీడింగ్స్ ఆఫ్ ది నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 74వ సంపుటంలో 5463 నుంచి 5467 వరకు ఐదే ఐదు పేజీల పత్రం వచ్చింది. కర్తలు సాంగర్, నిక్లెన్, కౌల్సన్. గొలుసును మధ్యలో ఆపేసే పదార్థాలతో డీఎన్‌ఏ వరుస చదవడం అన్నది దాని శీర్షిక చెప్పే విషయం.

ఉపాయం ఇది. డీఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ పాత పోగును చూసి కొత్త పోగును ఒక్కో న్యూక్లియోటైడ్ చొప్పున అల్లుతుంది. రైలుకు బోగీలు తగిలిస్తూ పోయినట్టు. ప్రతి బోగీకి వెనక కొక్కెం ఉంటేనే తర్వాతిది తగులుతుంది. డైడియాక్సీ న్యూక్లియోటైడ్ కొక్కెం లేని బోగీ. అది వచ్చి చేరితే ఆ రైలు అక్కడితో సరి. నాలుగు గొట్టాలు తీసుకుని ఒకదాంట్లో ఎ, ఒకదాంట్లో టి, ఒకదాంట్లో జి, ఒకదాంట్లో సి రకం కొక్కెం లేని బోగీలు కొద్దికొద్దిగా కలుపుతారు. మామూలువి ఎక్కువ, ఇవి తక్కువ. అందువల్ల ఎ గొట్టంలో ఎ వచ్చే ప్రతి చోటా ఎన్నో కొన్ని గొలుసులు ఆగిపోయి ఉంటాయి. మిగతా మూడూ అంతే.

తర్వాత ఈ నాలుగింటినీ గాజు పలకల మధ్య పోసిన యాక్రిలమైడ్ జెల్‌లో పక్కపక్కన పెట్టి కరెంటు పెడతారు. పొట్టి ముక్కలు చురుగ్గా కిందికి దిగుతాయి, పొడుగువి పైనే వెనకబడతాయి. ఒక్క న్యూక్లియోటైడ్ తేడా ఉన్నా విడిపోతాయి. రేడియోధార్మిక భాస్వరం ఎక్కించి ఉంచారు కాబట్టి, జెల్ మీద ఎక్స్‌రే ఫిల్ము పరిస్తే ముక్క ఉన్నచోటల్లా నల్లటి గీత పడుతుంది. నాలుగు నిలువు వరుసల్లో నిచ్చెన మెట్లు విరిచి చల్లినట్టు గీతలు. చదవాల్సింది అడుగు నుంచి పైకి. అన్నిటికన్నా కింద ఉన్న గీత టి వరుసలో ఉంటే మొదటి అక్షరం టి, దాని పై గీత జి వరుసలో ఉంటే రెండోది జి. వేలు పెట్టి చదువుకుంటూ పోవడమే. అప్పట్లో ఒక ప్రైమర్‌తో దాదాపు 15వ న్యూక్లియోటైడ్ నుంచి 200 దాకా నమ్మకంగా చదవగలిగేవారు.

ఆ సమయంలో రంగంలో ఈ పద్ధతి ఒక్కటే లేదు. హార్వర్డ్‌లో మాక్సమ్, గిల్బర్ట్ రసాయనాలతో డీఎన్‌ఏను విరిచి చదివే పద్ధతిని అదే పత్రిక అదే సంపుటంలో, ఫిబ్రవరి సంచికలోనే ప్రచురించారు. మొదట్లో చాలా ల్యాబులు గిల్బర్ట్ పద్ధతి వైపే మొగ్గాయి. సాంగర్ పద్ధతికి ఒంటిపోగు డీఎన్‌ఏ కావాలి, దాన్ని తయారుచేసుకోవడం తలనొప్పి. యోహాకిమ్ మెసింగ్ తదితరులు ఎం13 అనే వైరస్‌ను వాహకంగా మలిచాక ఆ ఇబ్బంది తీరింది. అక్కడి నుంచి సాంగర్ పద్ధతి ముందుకు పోయింది, గిల్బర్ట్ పద్ధతి క్రమంగా వెనకబడింది. ఒక పత్రానికి సైటేషన్లు రావడంలో పక్కవాళ్ల పనికి ఎంత వాటా ఉంటుందో ఇది చూపిస్తుంది. మెసింగ్ తాను కూడా 1980ల్లో అత్యధికంగా ఉల్లేఖన పొందిన శాస్త్రవేత్తల్లో ఒకరయ్యారు. 1980 నోబెల్‌లో సగం పాల్ బర్గ్‌కు, మిగతా సగం గిల్బర్ట్, సాంగర్లకు పంచారు.

అగ్రస్థానాల పట్టిక

నేచర్ పత్రిక 2014 అక్టోబరులో వెబ్ ఆఫ్ సైన్స్ ఆధారంగా, అత్యధికంగా ఉల్లేఖన పొందిన 100 పత్రాల పట్టిక వేసింది. అందులో చోటు దక్కాలంటే 12 వేలకు పైగా సైటేషన్లు ఉండాలి. మొదటి స్థానం ఆలివర్ లౌరీ 1951లో రాసిన ప్రోటీన్ కొలత పత్రానిది. దాని సైటేషన్లు 3,05,000కు పైగా. రెండోది లెమ్లీ 1970 పత్రం, 2,13,000కు పైగా. మూడోది బ్రాడ్‌ఫర్డ్ 1976 పత్రం, 1,55,000కు పైగా. నాలుగోది సాంగర్ ఐదు పేజీలు, 65,000కు పైగా. లెమ్లీ ఆ పని చేసింది సాంగర్ ఉన్న లేబొరేటరీలోనే. అంటే మొదటి నాలుగింటిలో రెండు ఒకే భవనం నుంచి వచ్చాయి.

ఈ నాలుగూ పద్ధతుల పత్రాలే. ప్రోటీన్ ఎంత ఉందో కొలవడం, ప్రోటీన్లను జెల్‌లో విడదీయడం, డీఎన్‌ఏ చదవడం. ప్రతి ల్యాబులో ప్రతి వారం చేసే పని కాబట్టి ప్రతి పత్రంలో పేర్కొనక తప్పదు. 1953 నాటి వాట్సన్, క్రిక్ డీఎన్‌ఏ నిర్మాణ పత్రం ఈ 100లో లేనే లేదు. తన పత్రం అంత గొప్పదేమీ కాదని తనకు తెలుసునని లౌరీయే ఒప్పుకున్నారు. సైటేషన్ల సంఖ్య చెప్పేది ఎంతమందికి చేతికి అందివచ్చిందన్న సంగతి. ఎంత లోతైనదన్నది దానికి తెలియదు.

సాంగర్ పత్రం విషయంలో మాత్రం ఈ రెండూ కలిశాయని నా అభిప్రాయం. లౌరీ పద్ధతి లేకపోతే ఇంకో పద్ధతి ఆ పని చేసిపెట్టేది, చేసింది కూడా. డీఎన్‌ఏను చదవగలగడం మాత్రం జీవశాస్త్రం అడిగే ప్రశ్నలనే మార్చేసింది. అదే పట్టికలో పదో స్థానంలో ఉన్న క్లస్టల్ డబ్ల్యూ, 12వ స్థానంలో ఉన్న బ్లాస్ట్ రెండూ వరుసలను పోల్చి చూసే కంప్యూటర్ ప్రోగ్రాముల పత్రాలు. పోల్చడానికి కుప్పలు తెప్పలుగా వరుసలు ఉన్నాయి కాబట్టే ఆ ప్రోగ్రాములు పుట్టాయి. ఆ కుప్పలు మొదట పోగుపడింది ఎక్కువగా సాంగర్ పద్ధతితోనే.

లెక్కకు అందనివి

1981లో మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏ మొత్తం, 16,569 జతల వరుస, నేచర్‌లో వచ్చింది. 14 మంది కర్తలు. పేర్లను అక్షరక్రమంలో పెట్టారు. అందువల్ల ఆ పత్రం లోకానికి 'ఆండర్సన్ తదితరులు, 1981' అయింది. బృందం పెద్ద అయిన సాంగర్ పేరు పదోది. మానవ వలసల మీద, వంశానుక్రమం మీద పనిచేసేవాళ్లంతా దీన్ని కేంబ్రిడ్జ్ రిఫరెన్స్ సీక్వెన్స్ అంటారు. పాత సైన్స్ సైటేషన్ ఇండెక్స్ సంపుటాల్లో ఉల్లేఖనకు వచ్చిన పత్రాలను మొదటి కర్త పేరు కిందే చేర్చేవారు. ఆ పుస్తకాలు తిరగేసి సాంగర్ పేరు కింద వెతికితే ఈ పత్రం కనబడదు. సాంగర్‌కు ఈ నష్టం పట్టినట్టు లేదు.

హెచ్-ఇండెక్స్ లెక్క ఇంకా విచిత్రం. 65,000 సైటేషన్లు ఉన్న పత్రం ఆ లెక్కలో తెచ్చేది ఒక్క అంకె. 60 సైటేషన్లున్న పత్రం తెచ్చేదీ ఒక్క అంకే. ఇద్దరు పరిశోధకుల్లో ఒకరు 60 మామూలు పత్రాలు రాసి ఒక్కోదానికి 60 సైటేషన్లు సంపాదించారనుకుందాం. ఇంకొకరు రాసిన 30 పత్రాల్లో ఐదు శాస్త్రగతినే మార్చాయనుకుందాం. మొదటివారికి 60, రెండోవారికి 30 దాటదు. రాశి, వాసి తేడా తెలిసిన మనకు ఇది మింగుడుపడదు గానీ, ఎంపిక సంఘాల ముందు కాగితం మీద ఉండేది ఆ రెండు అంకెలే.

పేరు సామాన్య నామమైపోతే కూడా సైటేషన్లు ఆగిపోతాయి. 1986లో లీరాయ్ హుడ్ బృందం రేడియోధార్మికతకు బదులు వెలుగు చిమ్మే నాలుగు వేర్వేరు రంగు పదార్థాలు వాడింది. దాంతో జెల్ చదివే పని యంత్రానికి అప్పగించగలిగారు. 2003లో ముగిసిన మానవ జీనోము ప్రాజెక్టు నడిచింది ఆ యంత్రాల మీదే, లోపల ఉన్నది సాంగర్ ఉపాయమే. ఇవాళ కొత్తతరం యంత్రాలు లక్షల ముక్కలను ఒకేసారి చదువుతున్నా, ఒక రోగి జన్యువులో మార్పు ఉందని అనుమానం వస్తే దాన్ని రూఢి చేసుకోవడానికి సాంగర్ పద్ధతితో మళ్లీ చదవడం చాలా ల్యాబుల్లో ఉన్న అలవాటు. అదింకా గీటురాయే. హైదరాబాదు ల్యాబుల్లో విద్యార్థులు 'శాంపిల్ సాంగర్‌కు పంపాం' అంటారు. అలా అనేవాళ్లలో ఎందరు 1977 పత్రాన్ని తమ థీసిస్ చివర పేర్కొంటారో చూడండి, చాలా కొద్దిమంది.

తెలుగువారికి ఈ సంగతి కొత్త కాకూడదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్ నుంచి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించిన భాస్వరం కొలత పద్ధతి వేలసార్లు ఉల్లేఖనకు వచ్చింది. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. దాని సాయంతోనే వాళ్లు కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో గుర్తించారు. 1925 పత్రం కూడా పద్ధతి పత్రమే, ఇప్పటి విద్యార్థి రంగు చూసి భాస్వరం లెక్కగడుతూ దాన్ని పేర్కొనడం తక్కువే. అంతటి పని చేసిన సుబ్బారావుకు హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదన్నది చేదు నిజం. ఆయన 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు.

మదింపు

సాంగర్ మరణానంతరం 2014లో సిడ్నీ బ్రెన్నర్ సైన్స్ పత్రికలో ఒక చిన్న నివాళి రాశారు. నేటి లోకంలో సాంగర్ లాంటివాడు బతికి బట్టకట్టలేడన్నది దాని సారాంశం. ఇన్సులిన్‌కూ ఆర్‌ఎన్‌ఏ వరుసకూ మధ్య, మళ్లీ ఆర్‌ఎన్‌ఏకూ డీఎన్‌ఏకూ మధ్య ఉన్న ఖాళీలు చూసి ఏదో ఒక కమిటీ ఆయన్ని పని చేయనివాడిగా ముద్ర వేసి సాయం ఆపేసేదని బ్రెన్నర్ బాధ. అదే లేబొరేటరీలో పనిచేసిన మనిషి మాట కాబట్టి బరువుంది. ఖాళీలు బ్రెన్నర్ చెప్పినంత ఖాళీగా లేవన్నది కూడా నిజం. 1964 ఫార్మైల్ మెథియోనిన్, 1965 పద్ధతి రెండూ ఆ మధ్యలోనివే. అయినా వాదన నిలుస్తుంది. ఆ మధ్యలోని వాటిలో ఇన్సులిన్ అంతటిది లేదు, మూడేళ్లకోసారి లెక్క చూసే సంఘం ముందు అవి చాలేవి కావు.

ఆ లెక్క చూసే అలవాటు మన దగ్గరా గట్టిగానే పాతుకుంది. యూజీసీ 2010లో అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు ఏపీఐ (అకడమిక్ పెర్ఫార్మెన్స్ ఇండికేటర్) మార్కులు తెచ్చింది. పత్రానికిన్ని మార్కులు అనేసరికి, డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. పీహెచ్‌డీ సమర్పించాలంటే పత్రం అచ్చుకావాలన్న నిబంధనను యూజీసీ 2022లో ఎత్తేసింది. అది మంచి పని. బయట కూడా ఇదే మథనం సాగింది. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మనిషి విలువకు కొలబద్దగా వాడవద్దని కోరుతూ కణజీవశాస్త్రవేత్తలు 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ప్రకటన రూపొందించారు. అది డోరా పేరుతో ప్రసిద్ధం. 2015లో లైడెన్ ప్రణాళిక అంకెలను వాడేటప్పుడు పాటించాల్సిన పది సూత్రాలు చెప్పింది. అంకెలు నిపుణుల తీర్పుకు సాయపడాలే గానీ దాని స్థానంలో కూర్చోకూడదన్నది అందులో మొదటిది.

సాంగర్ చివరి పెద్ద ఫలితం 1982లో వచ్చింది. లాంబ్డా వైరస్ డీఎన్‌ఏ, 48,502 జతలు. మరుసటి ఏడాది 65వ ఏట ఆయన ప్రయోగశాల వదిలి తోటపనికి వెళ్లిపోయారు. సర్ అని పిలిపించుకోవడం ఇష్టంలేక నైట్‌హుడ్ వద్దన్నారు, 1986లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ మాత్రం తీసుకున్నారు. 1988లో తన పరిశోధన గురించి ఒక సుదీర్ఘ వ్యాసం రాశారు. 1944 నుంచి 1983 దాకా ఆయన రాసుకున్న ప్రయోగశాల నోటుపుస్తకాలు లండన్‌లోని వెల్‌కమ్ లైబ్రరీకి చేరాయి. మన దగ్గర సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) హైదరాబాదులో ఏర్పడింది సాంగర్ పత్రం వచ్చిన 1977లోనే. ఆ ఊరి ల్యాబుల్లో ఇవాళ పనిచేసే పిల్లల్లో చాలామందికి ఆ పత్రం వయసు తమ వయసుకు రెట్టింపు.

ఆ ఐదు పేజీలు ఇప్పుడు ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. బయోకెమిస్ట్రీ చదువుకున్నవారికి ఒక మధ్యాహ్నం చాలు. లోపల జెల్ ఫొటో ఉంటుంది, నాలుగు నిలువు వరుసలు, నల్లటి గీతలు. పదోన్నతి దరఖాస్తుల మీద అంకెలు కూడే పెద్దలు, మొదటి పత్రం రాయబోతున్న విద్యార్థులు ఒకసారి ఆ బొమ్మ తెరిచి, అడుగు గీత దగ్గర వేలు పెట్టి, పైకి చదవండి.